ఆర్డరు రాకముందే కృతజ్ఞత కూటం

ఎల్బీనగర్‌లో హెప్సిబా ఇంటి ముందు శనివారం పొద్దున్నే టెంటు వేశారు. తల్లి లింగమ్మ నలభై మందిని కృతజ్ఞత కూటానికి పిలిచింది. కూతురికి హైదరాబాద్ విమానాశ్రయానికి బదిలీ అవుతోందని ఆ సంబరం. ఆర్డరు మాత్రం చేతికి రాలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మనం నవ్వుకోవచ్చు. లింగమ్మ లెక్క వేరు. అందిన తర్వాత దండం ఎవరైనా పెడతారు, అందకముందే స్తోత్రం చెప్పడమే విశ్వాసం అంటుంది. వాళ్ల సంఘంలో అందరిదీ అదే పద్ధతి.

ఆ ఆర్డరు ఇక రాదని హెప్సిబాకు నిన్ననే తెలిసింది. తల్లికి చెప్పే ధైర్యం చాలలేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఎయిర్‌పోర్టు కోర్సు చేసి, పదకొండేళ్ల క్రితం కోస్తాలోని ఒక చిన్న విమానాశ్రయంలో చేరిన మనిషి ఆమె. కౌంటరులో బోర్డింగ్ పాసులిస్తూ మొదలుపెట్టి సూపర్‌వైజరు అయింది. తను చదివిన చోటి పిల్లలను చాలామందిని తీసుకెళ్లి అక్కడ పెట్టించింది. హయత్‌నగర్ సింధు వాళ్లలో ఒకతి. రోజూ మొదటి విమానం దిగేలోపు హెప్సిబా రెండు నిమిషాలు ప్రార్థన చేసేది. బొట్టు పెట్టుకున్న పిల్లలు కూడా పక్కన నిలబడి కళ్లు మూసుకునేవాళ్లు. అందరికీ ఆమె అక్కే.

ఈ ఏడు కంపెనీ రోజుకు నాలుగు విమానాలను ఒకటికి తెచ్చింది. ఆమె కింద ఉన్న పదహారు మందిలో నలుగురు చాలన్నది. మేనేజరు ఉపేంద్ర మహా మర్యాదస్తుడు. హెప్సిబాను కూర్చోబెట్టి టీ తెప్పించి మరీ చెప్పాడు. కంపెనీ తీసేస్తే పరిహారం ఇవ్వాలి, వాళ్లంతట వాళ్లు మానేస్తే అక్కర్లేదు.

"మీరు చెబితే వింటారండీ. ఈ ఒక్క పనీ చేసిపెట్టండి, మిమ్మల్ని హైదరాబాద్ పంపే పూచీ నాది," అన్నాడు.

పదకొండేళ్లు హాస్టలు గదుల్లో గడిపిన హెప్సిబాకు సొంతింటి నుంచి డ్యూటీకి పోవాలన్నది ఒక్కటే ఆశ. సింధుతో సహా పన్నెండు మందినీ విడివిడిగా పిలిచింది. రాజీనామా ఇచ్చి గౌరవంగా పోతే, మళ్లీ విమానాలు పెరిగినప్పుడు మొదటి పిలుపు మీకేనని చెప్పింది. ఆ మాట ఉపేంద్ర అననేలేదు, ఆమె సొంతంగా కలిపింది. పరిహారం ఊసే ఎత్తలేదు. పైగా ఒక్కో కాగితం మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. సైతానుకు కూడా ఇంత తెలివి ఉండదు.

పన్నెండో రాజీనామా అందిన వారానికి ఉపేంద్ర ఆమె ముందు కూడా ఓ తెల్లకాగితం పెట్టాడు. నలుగురికి సూపర్‌వైజరు ఎందుకన్నారట పైవాళ్లు, హైదరాబాద్‌లో ఖాళీలు లేవట. ఏరు దాటాక తెప్ప తగలేయడం అంటే ఏమిటో ఆమెకు అప్పుడు అర్థమైంది. రాసిచ్చి బస్సెక్కింది.

శనివారం సాయంత్రం కూటంలో పాస్టరు యెహెజ్కేలు పాటలయ్యాక హెప్సిబాను సాక్ష్యం చెప్పమన్నాడు. దేవుడు మేలు చేశాడని చెప్పి కూర్చుందామనుకుంటూనే లేచింది. ముందు వరుసలో సింధు కనిపించింది. దిల్‌సుఖ్‌నగర్ చీరల దుకాణంలో చేరిందట, లింగమ్మే అక్కడ చూసి పిలిచింది. పొద్దంతా నిలబడి వాచిన కాళ్లతో వచ్చి, అక్క బాగుండాలని కళ్లు మూసుకుని కూర్చుంది. ఆ ముఖం చూశాక హెప్సిబాకు అనుకున్న అబద్ధం నోట రాలేదు.

"నాకు బదిలీ రాలే. పన్నెండు మందితోని నేనే రాజీనామాలు రాయించిన. కంపెనీ తీసేస్తే వాళ్లకు పైసలొస్తుండె. ఆ మాట దాచిపెట్టిన. నిన్న నాతోని గూడ రాయించిన్రు," అన్నది.

వెనక ఎవరో అలవాటుకొద్దీ స్తోత్రం అన్నారు. లింగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాస్టరు గబగబా ముగింపు ప్రార్థన చేసి, వడ్డన మొదలుపెట్టమన్నాడు.

సింధు దగ్గరికి వచ్చింది. తిడుతుందేమోనని హెప్సిబా ఎదురుచూసింది. తిడితే బాగుండుననిపించింది.

"అక్కా, నీకు హైదరాబాద్ ఇచ్చుంటే గీ మాట ఇయ్యాల చెప్తుంటివా?"

హెప్సిబా ఆమె కళ్లలోకి చూడలేక టెంటు గుంజను పట్టుకుంది.

"చెప్పకపోదును," అన్నది.

సింధు తలూపి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది. వాళ్లింటి కూటానికి వచ్చి ఎంగిలి పడకుండా వెళ్లిన మనిషి అంతకుముందు ఒక్కరూ లేరు.