పడక్కుర్చీ కర్ర

బ్రైటన్‌లో ఆఖరి రోజు పొద్దున్నే హోటల్ గది ఖాళీ చేశాం. రైలుకి ఇంకా రెండు గంటలుంది. సముద్రంలోకి కట్టిన పాత పియర్ మీదికి నడిచాం. ఇంగ్లండ్‌లో ఈ ఊరు చూడాలన్నది నా భార్య సరళ కోరిక. టికెట్లు తనే బుక్ చేసింది. ఫిబ్రవరిలో పోయింది. తన బదులు మా అమ్మాయి వచ్చింది.

పియర్ మీద చారల గుడ్డ పడక్కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి. గుడ్డ ఉప్పుగాలికి చెమ్మగా ఉంది. కూర్చోబోతూ వంగి, వెనక కర్ర తడిమాను.

"ఏం చూస్తున్నారు డాడీ?"

"కర్ర ఉందా అని."

"ఇక్కడెవరు తీస్తారు?" అంది.

మీకూ గుర్తుండే ఉంటుంది. మన వసారాల్లో పడక్కుర్చీ ఉండేది. పై కర్ర లాగేస్తే గుడ్డ ఊడి, కూర్చున్నవాళ్లు కింద పడేవాళ్లు. కాకినాడలో మా తాతయ్య కుర్చీకి నీలం గుడ్డ, తల ఆనేచోట నూనె మరక. నీలం కాదు, ఆకుపచ్చ అనేది సరళ. తను మా మేనమామ కూతురు. ఆ కుర్చీలోంచి నన్ను మూడుసార్లు పడేసింది.

"చూసుకుని కూర్చోవాలి బావా" అనేది, నవ్వకుండా.

పెళ్లయి ముప్పై ఏళ్లయినా నేను తడిమే కూర్చునేవాణ్ణి.

నిన్న అమెరికాలో మేముండే ఊరు పార్సిప్పనీకి తిరిగొచ్చాం. తాతయ్య కుర్చీ గరాజ్‌లో ఉంది. సరళే తెప్పించి, కొత్త గుడ్డ కుట్టింది. రేపు పొద్దున దాన్ని ఇంటి వెనక చెక్కల డెక్ మీద వేస్తాను. కర్ర తడమకుండా కూర్చుంటాను.