మొహం దొరికిన కోపం

మిల్లులో మగ్గాలు బాగుచేసే ఆ ఫిట్టరును అందరూ సిద్ధాంతి అనేవారు. జాతకాలు చెప్పి కాదు, ఆదివారాలు యూనియన్ గదిలో మార్క్సిజం పాఠాలు చెబుతాడని. ఆ పాఠాలకు అతని బావమరిది కూడా వచ్చేవాడు. అతనికి ఫోనులో చూసిందల్లా వేదవాక్కు.

"ఎక్కడో ఒక గదిలో పదిమంది కూర్చుని ప్రపంచాన్నంతా ఆడిస్తున్నారు బావా. పైకి తెలీదంతే" అన్నాడొకసారి.

అందరూ గొల్లుమన్నారు.

"ఆ పదిమందినీ మెడపట్టి గెంటేస్తే మన కష్టాలు తీరిపోతాయట్రా?" అన్నాడు సిద్ధాంతి. "మన ఓనరు దేవుడే అనుకో. పక్క మిల్లువాడు చవగ్గా అమ్ముతుంటే ఈయనా మనుషుల్ని తగ్గించాల్సిందే, లేదా దుకాణం కట్టేయాల్సిందే. ఏ కుట్రా అక్కర్లేకుండానే మన పీక తెగుతుంది. అసలు భయం అదీ."

బావమరిది ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

ఆ ఏడే మిల్లులో కొత్త మగ్గాలు దిగాయి. పాత షెడ్డు మూసేశారు. పని పోయినవాళ్ళలో సిద్ధాంతి ఉన్నాడు. అదే షెడ్డులో కండెలకు నూలు చుట్టే, అందరూ అక్క అని పిలిచే ఆవిడను మాత్రం కొత్త షెడ్డులోకి తీసుకున్నారు. అంతకుముందు ఆవిడ మేనేజరు గదిలోంచి రావడం అతను రెండుమూడుసార్లు చూశాడు. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. గేటు మీటింగులో మైకు చేతికి రాగానే వేలెత్తి చూపించాడు.

"మన యూనియన్ గుట్టంతా మేనేజరుకు మోసింది ఈవిడే!"

ఆవిడ నోరు తెరిచేలోపే అరుపులు లేచాయి. మర్నాటినుంచి అన్నం తినేటప్పుడు ఆవిడ బల్ల దగ్గర ఎవరూ కూర్చోలేదు. వారం తిరక్కుండానే పని మానేసింది.

అప్పుడే ఏటి అవతల మిల్లులోనూ పాత షెడ్డు మూతపడింది. ఇంటికొచ్చిన బావమరిది మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి మెల్లగా అడిగాడు.

"బావా, ఆ మిల్లు గుట్టు కూడా అక్కే మోసిందంటావా?"

అందులో వెటకారం లేదు. నిజంగానే అడిగాడు. సిద్ధాంతికి అప్పుడు తెలిసింది. తన పాఠం తనకే ఒంటబట్టలేదు. మార్కెట్టును తిడితే ఆ తిట్టు ఎవరికీ తగలదు. ఆడమనిషిని తిడితే కళ్ళముందే తగులుతుంది. అది తగిలినప్పుడు తనకు హాయిగా ఉండింది కూడా.

మర్నాడు అక్క ఇంటికి వెళ్ళాడు. ఆవిడ గుమ్మంలో కూర్చుని, చొక్కాను కళ్ళకు ఆనించుకుని గుండీలు కుడుతోంది.

"చూపు తగ్గిందయ్యా. కిటికీ పక్కన సీటు వేయించమని అడగడానికెళ్ళాను మేనేజరు దగ్గరికి. ఆ మాట నన్నడిగితే చెప్పేదాన్నిగా?"

"తప్పయిపోయిందక్కా."

"అన్నది నలుగురిలో, తప్పయిందనేది నా గుమ్మంలోనా?"

తర్వాతి గేటు మీటింగులో అతను మైకు తీసుకున్నాడు. అందరికీ వినపడేలా చెప్పాడు: ఆవిడ ఏ పాపమూ ఎరగదని, తన బుర్రలో పుట్టిన కుట్రను ఆవిడ నెత్తిన రుద్దానని. ఎవరో కిసుక్కున నవ్వారు. ఎక్కువమంది నేల చూపులు చూశారు, ఆ రోజు అరిచింది వాళ్ళే కాబట్టి.

ఆవిడ తిరిగి మిల్లుకు రాలేదు. దర్జీ కొట్టులో గుండీల పని చూసుకుంది. సిద్ధాంతికి సైకిల్ షాపులో పని దొరికింది. దారిలో ఎదురుపడితే ఇప్పటికీ ఆవిడ పలకరిస్తుంది. "బాగున్నావా తమ్ముడూ" అంటుంది. ఆ మాటకు బదులిచ్చేటప్పుడు అతను ఆవిడ మొహంలోకి చూడలేడు.