కోడలని పిలవని అత్తమ్మ

పోయిన నెల భూపాలపల్లి దగ్గర ఒక మిర్చి తోటలో ముడుచుకుపోయిన ఆకులు తిప్పి చూస్తుండగా మా ఆయన ఫోన్ చేశాడు. జనగామ దవాఖానలో తల్లి దగ్గర కొన్నాళ్లుగా అతనే ఉంటున్నాడు. "అమ్మ పోయింది" అన్నాడు. తర్వాత, "నువ్వు సీదా మన ఊరికి రా" అన్నాడు. నాకు వెంటనే ఏడుపు రాలేదు. రైతుకు చెప్పాల్సింది చెప్పి కారెక్కాను. పరకాల దాటాక ఏడ్చాను. అది దుఃఖమా, ఇన్నేళ్ల అలసటా అంటే ఇప్పటికీ తేల్చి చెప్పలేను.

మాది గూడూరు దగ్గర తండా. మా ఆయనది పెద్దవంగర పక్కన భూములున్న కుటుంబం. హన్మకొండలో కలిసి చదువుకుని పెళ్లి చేసుకున్నాం. అత్తమ్మ పెళ్లికి రాలేదు, మమ్మల్ని ఇంటికీ పిలవలేదు. ఆ తర్వాత ఇద్దరికీ జర్మనీలో పీహెచ్‌డీ సీట్లు వచ్చాయి. ఆయనది నేలల మీద పరిశోధన, నాది మిర్చి ఆకుముడత తెగులు మీద. విద్యార్థుల వసతిలో మాకిచ్చింది ఒక్క గది. అందులోనే వంట, అందులోనే పడక, కిటికీ కింద ఇద్దరికీ కలిపి ఒక బల్ల. పొద్దున అతను రాసుకుంటే సాయంత్రం నేను రాసుకునేదాన్ని. మూడో ఏడు పాప పుట్టేదాకా అలా గడిచింది.

పాపను చూసే కేంద్రంలో చోటు దొరకలేదు. మా అమ్మకు పాస్‌పోర్టు లేదు, మిరప ఏరే కూలి మానుకుంటే ఆమెకు పూట గడవదు. ఎవరూ అనుకోనిది, అత్తమ్మ వచ్చింది. విమానాశ్రయంలో నా వైపు చూడకుండా కొడుకుతో చెప్పింది, "నీ సదువు ఆగద్దని వచ్చిన. ఇంకోటి అనుకోకు" అని.

ఆ ఒక్క గదిలో ఆమెతో బతకడం ఎలా ఉండేదో రాయడం కష్టం. తన గిన్నెలు తనే తెచ్చుకుంది. నేను ముట్టిన నీళ్లు తాగేది కాదు. వండింది మా ఆయనకు వడ్డించి, నా కంచం కిటికీ గట్టు మీద పెట్టేది. పేరు పెట్టి పిలవలేదు, కోడలా అనలేదు. "ఓ పిల్లా" అనేది, అంతే. నేను పాపకు మా తండా భాషలో జోల పాడితే చేతుల్లోంచి తీసుకుని, "దీనికి ఆ మాటలొద్దు" అనేది. నేను పాడడం మానేశాను. ఇప్పుడు నా బిడ్డకు మా అమ్మ మాట్లాడేది అర్థం కాదు.

అయినా ఆమె మాటలు కొన్ని నా నోట్లోనే తిరుగుతున్నాయి. ఒకసారి నా ప్రయోగం చెడిపోయి, ఇంటికొచ్చి అన్నం ముందు ముఖం ముడుచుకుని కూర్చున్నాను. "అలుగుతే తిన్నంక అలుగు" అంది. నేను కళ్లు తుడుచుకుంటూ బట్టలు పిండుతుంటే, "ఏడ్సుకుంట చేసిన పని సగం పనే" అంది. ఓదార్పుగా అన్న మాటలు కావవి. ఇప్పుడు నా దగ్గర పరిశోధన చేసే పిల్లలకు అవే చెబుతున్నాను.

ఆమె వీసా అయిపోవస్తున్న రోజుల్లో, ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర మా ఆయన నాతో మెల్లగా అన్నాడు. తను థీసిస్ ఇచ్చేదాకా ఒక ఏడాది నేను ఆగితే బాగుంటుందని, తర్వాత మళ్లీ మొదలుపెట్టవచ్చని. నేను తల ఊపాను. అప్పటికే ఒప్పేసుకున్నాను నిజానికి.

అత్తమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి కొడుకు ముందు కూర్చుంది.

"నువ్వే ఆపు" అంది.

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"నీకు ఎనక భూమున్నది, ఇల్లున్నది. సదువు ఆగితే ఎవుసం జేసుకుంటవ్. దానికేమున్నది? ఇడిస్తే మల్ల తండా పిల్లనే. తండా నుంచి తెచ్చుకున్నడని అందరు నా మొకం మీద్నే అన్నరు. అది డాక్టరన్న గాకపోతే నేను నలుగుట్ల ఎట్ల కూసోవాలె?"

మా ఆయన లేచి బయటికి వెళ్లిపోయాడు. నేను ధైర్యం చేసి, నా కోసం అన్నారా అత్తమ్మా అని అడిగాను.

"నీ కోసమా? నా ఇజ్జత్ కోసం" అని కంచాలు తీసింది.

మా ఆయన ఆగాడు. ఏడాదే అనుకున్నాం. ఆలోపు అతని ప్రొఫెసర్ వేరే దేశానికి వెళ్లిపోయాడు, ప్రాజెక్టు మూతపడింది, అతన్ని తీసుకునేవాళ్లు దొరకలేదు. నేను డాక్టరేట్‌తో తిరిగొచ్చాను. అతను పట్టా లేకుండా వచ్చి, తొర్రూరులో ఎరువుల దుకాణం పెట్టుకుని, ఆమె అన్నట్టే ఎవుసం చేస్తున్నాడు. నన్ను ఎప్పుడూ ఒక మాట అనలేదు. తల్లితో మాత్రం అవసరానికి మించి మాట్లాడేవాడు కాదు.

అత్తమ్మకు జబ్బు ముదిరాక, దవాఖానలో నర్సు నన్ను చూపించి, మీ కోడలా అని అడిగింది. "నా కొడుకు పెండ్లాం" అంది ఆమె. ఆ సాయంత్రమే కొడుకును అడిగింది, "నీ సదువు నేనే చెడగొట్టిన్నా రా?" అని. మా ఆయన మందు కలిపిన నీళ్ల గ్లాసు అందించి, "తాగు" అన్నాడు. ఆమె తాగింది. వాళ్లిద్దరి మధ్య నేను విన్న చివరి మాటలు అవే.

ఊళ్లో శవానికి స్నానం చేయించేటప్పుడు నేను చెంబు అందుకోబోతే, మా ఆయన మేనత్త నా చెయ్యి పట్టుకుంది. "ఉన్నన్నాళ్లు నీ చేతి నీళ్లు తాగలే బిడ్డా. ఇప్పుడు పోస్తే వద్దనేందుకు నోరు లేదు. అందుకే వద్దు" అంది. ఆ మాటలో న్యాయం ఉంది. నేను వెనక్కి జరిగి నిలబడ్డాను.

నాకీ చదువు దక్కింది అత్తమ్మ వల్లే. ప్రేమతో ఇచ్చింది కాదు. అయినా నేను బతుకుతున్నది దాని మీదే.

జర్మనీ నుంచి ఆమె తిరిగి వెళ్లిన రోజు గుర్తొస్తుంది. విమానాశ్రయంలో తనిఖీ దగ్గర ఆమె కాళ్ల వెండి కడియాలకు యంత్రం మోగింది. తీయమని సైగ చేశారు. అవి ఊడేవి కావు. మేం అద్దానికి ఇవతల ఉండిపోయాం, పాప నా భుజం మీద నిద్రపోతోంది. భాష తెలియని ఆ మనుషుల మధ్య ఆమె చీర అంచు కొంచెం పైకెత్తి, కాళ్లు చూపించి, తల వంచకుండా నిలబడింది. తెలిసిన ముఖం కోసం చుట్టూ వెతికింది. ఆ చూపు ముందు నా మీదే పడింది. నేను చెయ్యెత్తాను. ఆమె కళ్లు నన్ను దాటి కొడుకు కోసం పోయాయి. అతను అప్పటికే బయటి గుమ్మం వైపు నడుస్తున్నాడు. ఆమె చెప్పులు చేత పట్టుకుని, వట్టి కాళ్లతో, ఆ నున్నటి గచ్చు మీద ఒక్కతే లోపలికి వెళ్లింది.