ఫుట్‌బాల్ గ్రౌండులో మంచె

మా నాయనకు నేను బీఈడీ చదవాలని ఉండేది. ఐరాల దగ్గర మా ఊళ్లో ఒక ఆడపిల్లకు ఆయన ఊహించగలిగిన గొప్ప ఉద్యోగం టీచరు ఉద్యోగమే. తిరుపతిలో సినిమాలు తీయడం నేర్పే కోర్సు ఉంది, అందులో చేరతానంటే వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. ఎనిమిదో రోజు చెరుకుతోటకు నీళ్లు కడుతూ, తలెత్తకుండానే, "సరే, పో. రెండేండ్లు సూస్తా. నీ పని నా కంటికి ఆనలేదనుకో, మారుమాట లేకుండా బీఈడీలో చేరాల" అన్నాడు. సరేనని మాట ఇచ్చేశాను. నాకు కోపం ఎంత తొందరగా వస్తుందో మాటలూ అంతే తొందరగా జారతాయి.

చివరి సెమిస్టరులో నలుగురేసి ఒక జట్టుగా చేరి డాక్యుమెంటరీ తీయాలి. వాటిలో బాగున్న ఒక్కదాన్ని మాత్రం తల్లిదండ్రులను పిలిచి ఆడిటోరియంలో వేస్తారు. నాయనకు నా పని చూపించడానికి నాకున్న అవకాశం అదొక్కటే. అది తప్పిపోతే బీఈడీ. నాకు ఆ రోజుల్లో లేస్తే అదే ధ్యాస, పడుకుంటే అదే ధ్యాస.

మా జట్టులో కెమెరా పట్టిన అబ్బాయిది తిరుపతి. ఎడిటింగ్ అబ్బాయిది చిత్తూరులో చీరల కొట్టు ఉన్న కుటుంబం. సౌండ్ చూసుకునే అమ్మాయిది ఏర్పేడు. దర్శకత్వం నాది. నాదే అని నేనే ప్రకటించుకున్నాను, మిగతా ముగ్గురూ వాదించే ఓపిక లేక ఊరుకున్నారు. మిగతా జట్లన్నీ గుళ్ల మీదా కలంకారీ మీదా పడితే, ఏర్పేడు అమ్మాయి వాళ్ల మేనమామ ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు సంగతి చెప్పింది. ఆ ఊరు సత్యవేడు పక్కన, తమిళనాడు కూతవేటు దూరంలో. మన జిల్లాలో ఎక్కడ చూసినా క్రికెట్ ఆడుతుంటే ఆ ఒక్క ఊళ్లో మాత్రం బంతిని కాళ్లతో ఆడతారు. విన్న వెంటనే ఇదే తీద్దామన్నాను.

క్లబ్బును నడిపే ఆయన తెల్లవారుజామున పాల వ్యాను తోలేవాడు, తొమ్మిదింటికల్లా గ్రౌండులో ఉండేవాడు. అందరూ ఆయన్ని మాస్టరు అనేవాళ్లు. మేము మొదటి ఆదివారం వెళ్లినప్పుడు జట్టు రెండు సగాలుగా విడిపోయి ఆడుతోంది. పది నిమిషాలకే గోల్ పడింది. మా కెమెరా సరిగ్గా గోల్ కొట్టిన కుర్రాడి ముఖం మీదే ఉంది. ఇక చేతులెత్తి గంతులేస్తాడు, మిగతావాళ్లు వచ్చి మీద పడతారు అనుకున్నాం. వాడు గిర్రున తిరిగి, మా కెమెరాకు వీపు చూపించి, గ్రౌండు అవతలి పక్కకు పరుగు తీశాడు. జట్టంతా అటే పరుగు. మాస్టరు గీత బయట నిలబడి గట్టిగా అరిచాడు. "ఎవురిచ్చినార్రా?"

అది ఆ క్లబ్బు కట్టుబాటు. గోల్ పడితే కొట్టినవాడి దగ్గరికి ఎవరూ పోరు. బంతి అందించినవాడి దగ్గరికి పోవాలి, అందరికన్నా ముందు గోల్ కొట్టినవాడే పోవాలి, వెళ్లి వాడి తలమీద చెయ్యి పెట్టాలి. ఇదెందుకని మాస్టరును అడిగితే, ఇందులో అడగడానికేముందన్నట్టు చూశాడు. "కొట్టినోడి పేరు ఊరంతా చెప్తాదమ్మా. ఇచ్చినోడి పేరు మనమే చెప్పకుంటే ఇంగెవురు చెప్తారు?" అన్నాడు.

మాట బాగానే ఉంది. రికార్డు కూడా చేసుకున్నాం. కానీ మూడు ఆదివారాలు పోయినా మా దగ్గరున్నవన్నీ వీపులే. బంతి వెంటే కెమెరా పోతుంది, బంతి గోల్‌లో పడుతుంది, కొట్టినవాడు కెమెరాలోంచి మాయమైపోతాడు. ఆ తర్వాత ఖాళీ గోల్ స్తంభాలు, తల వంచుకున్న గోల్‌కీపరు. వాళ్లెటు పోయారోనని కెమెరా వెతుక్కునే లోపల సంబరం అయిపోయేది. ఎవరు అందించారో కింద నిలబడ్డ మాకు ముందుగా తెలిసేది కాదు. "ఇది ఫుట్‌బాల్ సినిమానా, వీపుల సినిమానా?" అన్నాడు ఎడిటింగ్ అబ్బాయి. నేను కెమెరా అబ్బాయిని అందరి ముందూ తిట్టిపోశాను. వాడు కెమెరా నా చేతికిచ్చి, "నువ్వే తీసుకో తల్లీ" అని వెళ్లి బస్టాపులో కూర్చున్నాడు. బతిమాలి వెనక్కి తెచ్చుకోవడానికి గంట పట్టింది.

నాలుగో ఆదివారం నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. బాగా గోల్స్ కొట్టే కుర్రాడిని పక్కకు పిలిచి, ఈసారి గోల్ పడ్డాక రెండే రెండు క్షణాలు కెమెరా వైపు తిరిగి చేతులెత్తి నిలబడమన్నాను. పాపం, కాదనలేకపోయాడు. గోల్ కొట్టాడు, నిలబడ్డాడు, చేతులెత్తాడు. గ్రౌండులో ఒక్కడూ వాడి దగ్గరికి రాలేదు. బంతి అందించినవాడు ఎడమ పక్క తన చోట ఒంటరిగా నిలబడి ఇటే చూస్తున్నాడు. మాస్టరు అరవలేదు. కుర్రాడిని బయటికి రమ్మని చేత్తో సైగ చేసి, ఆట అయిపోయేదాకా గీత పక్కన కూర్చోబెట్టాడు.

నేను చెప్పబట్టే అలా చేశాడని మాస్టరు దగ్గరికి వెళ్లి చెప్పాను. "తెలుసమ్మా" అన్నాడాయన. "మీరు వారానికొకసారి వచ్చి పోతారు. వాళ్లు దినామూ ఈడనే ఉండాల. మీ సినిమా కోసం మా పిల్లోళ్లను మార్చద్దండి." ఆయన గొంతు పెంచి ఉంటే నాకింత బాధ ఉండేది కాదు.

ఆ సాయంత్రం హాస్టలుకు చేరగానే నాయనకు ఫోన్ చేశాను. బీఈడీ దరఖాస్తు ఎప్పుడు పెట్టాలో కనుక్కోమని చెప్పడానికే చేశాను. కానీ ఆయన పలకగానే జరిగిందంతా చెప్పేశాను. ఆయన ఊఁ కొడుతూ విన్నాడు. సినిమా సంగతి ఆయనకేం తెలుసు అనుకుంటూనే ఉన్నాను.

"కింద నిలబడి సూస్తాండారా?" అన్నాడు.

"ఇంకెక్కడ నిలబడాలి నాయనా?"

"నేను చెరుకుతోట గట్టుమింద నిలబడితే అడివిపంది కనపడతాదా? చెరుకు పడినాక కనపడతాది. మంచె ఎక్కి సూస్తే, అది యా పక్కనుంచి వస్తాండాదో ముందే తెలస్తాది. మీ గ్రౌండులో మంచె కట్టుకోండి."

మంచె కట్టడం మా నలుగురిలో ఎవరికీ రాదన్నాను. ఆ ఊరికి ఏ బస్సు పోతుందని ఆయన అడిగాడు.

తర్వాతి ఆదివారం నాయన మూడు బస్సులు మారి వచ్చాడు. భుజాన తువ్వాలు, చేతిలో కొడవలి, సంచిలో కొబ్బరి తాడు చుట్టలు. మేము ముందే ఫోన్ చేసి చెప్పడంతో మాస్టరు ఊళ్లో ఎవరి తోటలోంచో సరుగుడు కొయ్యలు తెప్పించి ఉంచాడు. ఇద్దరూ ఒకరినొకరు పెద్దగా పలకరించుకున్నది కూడా లేదు. "గుంత ఇంకా లోతు పోవాలప్పా" అని ఈయన, "ఈ కొయ్య వంకర, అది తీసుకో అబ్బా" అని ఆయన, ఎప్పటినుంచో కలిసి పనిచేస్తున్నట్టు మొదలుపెట్టారు. ఆటగాళ్లు కొయ్యలు పట్టుకున్నారు, మేము తాళ్లు అందించాం. మధ్యాహ్నానికల్లా మంచె లేచింది. నాయన నిచ్చెన కట్టి, ముందు తానే ఎక్కి, నాలుగు వైపులా ఊపి చూసుకుని, "రాండి" అన్నాడు.

కెమెరా అబ్బాయి పైకెక్కి కన్నానించి చూసి, "అబ్బ!" అన్నాడు. ఆ తర్వాత నేనెక్కాను. నాలుగు వారాలుగా కాళ్లూ దుమ్మూ తప్ప కనపడని ఆట ఒక్కసారిగా విప్పుకుని కనిపించింది. ఎవరు ఎవరి కోసం పరుగెత్తుతున్నారో, ఎక్కడ చోటు ఖాళీ అవుతోందో అంతా తెలుస్తోంది. నాయన మాత్రం దిగనన్నాడు. జీవితంలో మొదటిసారి ఫుట్‌బాల్ చూస్తున్న మనిషి, మంచె మూలన గొంతుక్కూర్చుని, అరగంటకంతా ఆట పట్టేశాడు.

"పాపా, ఆ ఎడమ పక్క సన్నపిల్లోణ్ణి సూడు. బంతి వాని దగ్గర లేకపోయినా వాడు ఊరికే ఉండడు. ఇప్పుడు సూడు, వాడే ఇస్తాడు."

వాడే ఇచ్చాడు. గోల్ పడింది.

ఆ సన్నని కుర్రాడు నేను పాడుచేసిన గోల్‌కు బంతి అందించి ఒంటరిగా మిగిలిపోయినవాడే. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆరేళ్లుగా ఆడుతున్నాడు, ఒక్క గోల్ కొట్టింది లేదు. మా సినిమా వాడిదేనని మాకు ఆ మంచె మీద తెలిసింది. ఆ తర్వాత పక్క ఊరితో మ్యాచి జరిగిన రోజు కెమెరా బంతిని వదిలేసి వాడినే పట్టుకుంది. వాడు పరుగెత్తడం, ఒకసారి తలెత్తి చూడడం, బంతిని పక్కకు తోయడం. గోల్ పడటం మా సినిమాలో కనపడనే కనపడదు. దూరంగా కేక వినిపిస్తుంది, వాడి ముఖంలో వెలుగు వస్తుంది, ఆపైన పదిమంది పరుగెత్తుకుంటూ వాడి మీదికి వస్తారు. అందరికన్నా ముందు, ఆ రోజు గీత పక్కన కూర్చున్న కుర్రాడు. వాడి చెయ్యి ఈ కుర్రాడి తలమీద పడుతుండగా మాస్టరు గొంతు. "ఎవురిచ్చినార్రా?" ఏర్పేడు అమ్మాయి ఆ కేకను ఎంత శుభ్రంగా పట్టిందంటే, ఎడిటింగ్ అబ్బాయి దాన్ని ముక్క కూడా కత్తిరించనన్నాడు. సినిమా పేరు కూడా అదే పెట్టాం.

మాదే ఎంపికైంది. నోటీసు బోర్డులో చూసినప్పుడు నలుగురం అరిచిన అరుపులకు ఆఫీసులోంచి అటెండరు బయటికొచ్చి గదమాయించాడు.

ఆడిటోరియంలో వేసిన రోజు మాస్టరు పాల వ్యానులోనే జట్టునంతా ఎక్కించుకుని తెచ్చాడు. ఆకుపచ్చ జెర్సీలతో రెండు వరుసలు నిండిపోయాయి. నాయన ఇస్త్రీ చొక్కాలో వచ్చి, ముందు కూర్చోమంటే వినకుండా, తలుపు పక్కన చివరి వరుసలో కూర్చున్నాడు. సినిమా నడిచిన ఇరవై నిమిషాలూ నేను తెర వైపు చూడలేదు. చీకట్లో ఆయన ముఖం కనపడుతుందేమోనని వెనక్కి తిరిగి తిరిగి చూశాను. ఏమీ కనపడలేదు.

దీపాలు వెలిగాయి. చప్పట్లు ఆగడం లేదు. మా మేడమ్ దర్శకురాలు పైకి రావాలని పిలిచింది. స్టేజి ఎక్కి మైకు పట్టుకున్నాను. రాసుకున్న కాగితం చేతిలోనే ఉంది, అందులో విభాగం పెద్దలకు ధన్యవాదాలు అన్న మాటతో మొదలు. నోరు తెరిచేలోగా మూడో వరుసలోంచి, గ్రౌండులో అరిచినట్టే, మాస్టరు అరిచాడు.

"ఎవురిచ్చినారు పాపా?"

కట్టుబాటు నాకు తెలుసు. కొట్టినవాళ్లే ముందు పరుగెత్తాలి. కాగితం వదిలేసి స్టేజి దిగి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, ఆ ఆడిటోరియం పొడుగునా పరుగెత్తాను. నా వెనకే ఆకుపచ్చ జెర్సీలన్నీ లేచాయి. నాయన బెదిరిపోయి సగం లేచి నిలబడ్డాడు. "ఏందమ్మా ఇది, అందరూ సూస్తాండారు" అంటూనే ఉన్నాడు, నేను ఆయన తలమీద చెయ్యి పెట్టాను. ఆ తర్వాత సన్నని కుర్రాడి చెయ్యి, ఆ తర్వాత లెక్క తెలియనన్ని చేతులు. కెమెరా అబ్బాయి బాల్కనీలో ఉన్నాడు. ఈసారి వాడు స్టేజిని తీయలేదు. నేను కదలకముందే వాడి కెమెరా చివరి వరుస వైపు తిరిగి ఉంది. ఆ వీడియోలో నాయన ఏడుస్తున్నాడు. నేనైతే బాహాటంగానే ఏడుస్తున్నాను. అంత గర్వం నాకు అంతకుముందు ఎప్పుడూ కలగలేదు.

సాయంత్రం బస్టాండు దాకా నాయనతో నడిచాను. అన్ని చేతులు పడి చెదిరిన జుట్టును ఆయన దువ్వుకోనైనా లేదు. చిత్తూరు బస్సు ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, తువ్వాలు సర్దుకుని అడిగాడు.

"ఆ బీఈడీ కాగితాలు ఎప్పటిలోగా పెట్టాల?"

"గడువు మొన్ననే అయిపోయింది నాయనా."

"పోతే పోనీలే" అన్నాడు. బస్సు కదులుతుంటే తల బయటికి పెట్టి అరిచాడు. "ఇంగోటి తీసేటప్పుడు యాడ తీస్తారో ముందే చెప్పు. కొయ్యలు సూసుకోవాల!"