మడ అడవికి పడిన మొదటి గండి

మొన్న ఆదివారం మా మనవరాలు ఫోనులో ఏదో పటం తెరిచి, వేలితో అటూ ఇటూ జరుపుతూ సముద్రం పక్కన మా పుట్టింటి ఊరు కనిపెట్టి, ఊరి చుట్టూ నీళ్ళ గళ్ళు ఎంత తీరుగా ఉన్నాయో చూడమని నా ముందు పెట్టింది. పటమటలో మా ఫ్లాటు బాల్కనీలో కూర్చుని బీరకాయలు చెక్కు తీస్తున్న నేను, కళ్ళజోడు కూడా పెట్టుకోకుండా బాగున్నాయమ్మా అనేసి చేతిలో పని చూసుకున్నాను. ఆ గళ్ళు కొలవడమే ఒకప్పుడు నా ఉద్యోగమని దానికి తెలియదు. తెలిస్తే గర్వపడుతుందేమో కూడా. నాకు మాత్రం ఆ ఉద్యోగం గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

చదువు అవగానే బెజవాడలోనే పటాలు తయారుచేసే ఒక చిన్న ఆఫీసులో చేరాను. ఆ రోజుల్లో ఉపగ్రహం తీసిన చిత్రాలు పెద్ద పెద్ద కాగితాల మీద అచ్చయి వచ్చేవి. అడుగున లైట్లు వెలిగే గాజుబల్ల మీద వాటిని పరిచి, పైన ట్రేసింగ్ కాగితం వేసి, సన్నటి పెన్నుతో అడవి అంచులు గీసేవాళ్ళం. ఆ చిత్రాల్లో చెట్లు ఎర్రగా, నీళ్ళు నల్లగా కనిపించేవి. కృష్ణానది సముద్రంలో కలిసే చోట మడ అడవి తడి కుంకుమ ఒలికినట్టు ముదురు ఎరుపులో ఉండేది; కొత్తలో అన్నం తింటున్నా నా కళ్ళముందు ఆ ఎరుపే ఆడేది. అడవి ఎంత తగ్గిందో చెబితే మా పని అయిపోయేది కాదు. మిగిలింది ఎన్ని ముక్కలైందో, ముక్కకీ ముక్కకీ మధ్య ఎడం ఎంత పెరిగిందో, పాత చిత్రాన్నీ కొత్త చిత్రాన్నీ పక్కపక్కన పెట్టుకుని తేల్చాలి. ముక్కలైన అడవిలోకి పోటునీరు సరిగా రాదనీ, విత్తనాలు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు కొట్టుకుపోలేవనీ, తుఫాను వచ్చినప్పుడల్లా అంచున ఉన్న చెట్లు కూలి, లోపలి చెట్లు అంచుకు వస్తాయనీ మా పై అధికారిగారు ఓపిగ్గా చెబుతుండేవారు. ఆయన గొంతు పెంచి మాట్లాడగా నేను ఎన్నడూ వినలేదు.

మాకు దొరికిన వాటిలో అన్నిటికంటే పాత చిత్రంలో మా ఊరి వైపు అడవి అంతా ఒక్కటే పరుపు. తరువాతి దానిలో దాన్ని నడిమికి కోస్తూ సన్నటి దారి, దారి చివర ఒక నల్లటి గడి. ఆ పైన వచ్చిన ప్రతి చిత్రంలోనూ ఆ దారి పొడుగునా కొత్త గళ్ళు. నేల మీద ఒకసారి చూసి సరిపోల్చుకుందామని అధికారిగారు అన్నప్పుడు, అది మా ఊరి దగ్గరేనని నేనే సంబరంగా చెప్పి, అందరినీ మా ఇంటికి భోజనానికి పిలిచాను. నాన్నకు రొయ్యల చెరువులున్నాయని తెలుసు. చవుడునేలలో తవ్వించినవని ఇంట్లో అనుకుంటుండగా విన్నాను తప్ప, హాస్టల్లో చేరింది మొదలు ఆ చెరువుల వైపు అడుగు పెట్టలేదు.

అమ్మ గోంగూర పచ్చడి, రొయ్యల వేపుడు చేసి కొసరి కొసరి వడ్డించింది. అధికారిగారు ముందుగా లేచి చెయ్యి కడుక్కుని, వసారాలో మంచం మీద పటం పరిచి, ఊళ్ళో పెద్దవారు కదా, ఇక్కడ మొదట తవ్వించిందెవరో చెప్పగలరా అని నాన్నను అడిగారు. ఆఫీసు నుంచి మాతో వచ్చిన ఇద్దరూ, నేనూ ఇంకా విస్తళ్ళ ముందే ఉన్నాం. నాన్న తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వంగి, ఏటిపాయ మలుపును వేలితో వెతుక్కున్నారు.

“అది నేనేనండీ,” అన్నారు.

అంతటితో ఆగకుండా, మట్టి తవ్వే పొక్లెయిన్ లోపలికి పోవడానికి దారి కొట్టించింది తానేననీ, ఆ దారి చూసుకునే మిగతావాళ్ళు వచ్చారనీ, దాచడానికేమీ లేనట్టు చెప్పుకొచ్చారు. పాయకు గట్టు వేశాక అక్కడ పీతలు పట్టుకునే కుటుంబాలు వేరే చోటికి వెళ్ళిపోయిన సంగతి కూడా ఆయనే చెప్పారు.

“అప్పుడది అడివేనండీ. చవుడని మేమే పేరు పెట్టుకున్నాం. మా అమ్మాయికి ఆ ఏడే కాలేజీలో సీటొచ్చింది. హాస్టల్లో వెయ్యాలి కదండీ మరి,” అని నా వైపు చూసి నవ్వారు.

ఆ నవ్వు నిండా గర్వమే. అందరూ చేసిందేలెండి అని అధికారిగారు మర్యాదకు అన్నారు. ఆయన తిట్టినా అంత గుచ్చుకునేది కాదనిపించింది. ఆఫీసువాళ్ళిద్దరూ నా వంక చూడకుండా ఉండటానికి తంటాలు పడుతున్నారు. ఏమీ తెలియని అమ్మ మజ్జిగ గ్లాసులు తెచ్చి అందరికీ ఇస్తోంది. ఆ చిత్రాన్ని చదవగలిగే చదువు నాకు ఆ గండిలోంచే వచ్చిందని అప్పుడు తెలిసి, తలెత్తలేకపోయాను. నాన్న నా ముఖం చూశారు. ఆయన నవ్వు మెల్లగా ఆరిపోయింది.

తిరుగు ప్రయాణంలో, కావాలంటే ఆ పటం గీసే పని ఇంకొకరికి ఇస్తానన్నారు అధికారిగారు. వద్దని, నేనే గీశాను. ఆ తరువాత కళ్ళు చూపించుకోవడానికి బెజవాడ వచ్చినప్పుడు నాన్న మా ఆఫీసుకు వచ్చి, గాజుబల్ల ముందు కూర్చుని, చాలాసేపు తన దారికి అటూ ఇటూ మిగిలిన ఆ ఎరుపునే చూశారు.

“ఈ రెండు ముక్కలూ మళ్ళీ కలుస్తాయంటావా అమ్మా?” అని అడిగారు.

గట్టు తెగి పోటునీరు వస్తే మడ దానంతటదే మొలుస్తుంది, కలిస్తే కలవచ్చు అన్నాను. ఆ వేసవిలోనే నాన్న తన చెరువు గట్టు తెగ్గొట్టించారు. చెరువులో భాగం ఉన్న మా బాబాయి చివరిదాకా ఆయనతో మాట్లాడలేదు. ఊళ్ళో మతి చలించిందన్నవాళ్ళూ ఉన్నారు. అటూ ఇటూ ఎవరి చెరువులు వాళ్ళకున్నాయి కనుక నీరు వచ్చినంత మేర, పాయ అంచునే నాలుగు మొక్కలు లేచాయి. చూపు పూర్తిగా పోయాక కూడా, నేను వెళ్ళినప్పుడల్లా మడ ఎక్కడిదాకా వచ్చిందని అడిగేవారు. చిత్రంలో ఉన్నంతే చెప్పేదాన్ని. సరేనమ్మా అని గోడ వైపు తిరిగేవారు. ఆ రెండు ముక్కలూ కలవకుండానే ఆయన పోయారు. కూతుర్ని చదివించుకున్నానన్న తృప్తితో బతికిన మనిషి సిగ్గుపడటం మొదలుపెట్టింది అడవిని చూసి కాదు, ఆ రోజు వసారాలో నా ముఖం చూసి. అది తలుచుకుంటే నా సిగ్గు మీద నాకే సిగ్గేస్తుంది.

ఇప్పుడు చిత్రాలు రోజుల తేడాలో వస్తాయట, ఒక్కో చెట్టూ విడిగా కనిపిస్తుందట, ఎన్ని ముక్కలో కంప్యూటరే చెప్పేస్తుందట. ఎక్కడో నగరాల్లో కూర్చుని గీసే పిల్లలకు ఆ గళ్ళు ఎవరివో తెలియనక్కర్లేదు. వాళ్ళ పని మా పనికంటే నిక్కచ్చి అంటే నమ్ముతాను. తీరపు ఊళ్ళ నుంచి వచ్చిన మా తరం వాళ్ళం సాయంత్రాలు పార్కులో కలిసి, ఎండలు ముదిరాయనీ, ఊళ్ళలో బోరునీళ్ళు ఉప్పెక్కాయనీ, అదంతా ఇంకెవరో చేసినట్టు మాట్లాడుకుంటాం. మాలో సగంమందికి చదువులు చెప్పించింది అలాంటి చెరువులే. అందరికీ తెలుసు. ఎవరమూ ఆ మాట ఎత్తం, నేనూ తలూపి లేచి ఇంటికి వచ్చేస్తాను.