ఊటీ తోటకు వెళ్లిన చెవి మిషన్

2023 ఫిబ్రవరి. సిరిసిల్లలో నేను చెవి పరీక్షల క్లినిక్ తెరిచి అప్పటికి నాలుగు నెలలు. మాది జగిత్యాల. ఆడియాలజిస్టు అంటే ఏం చేస్తారో మా చుట్టాల్లో సగం మందికి ఇప్పటికీ తెలియదు. "చెవుల డాక్టరువా?" అని అడిగితే కాదంటాను. "మిషన్లు అమ్ముతవా?" అని అడిగితే ఒళ్లు మండుతుంది. ఎవరికి ఎంత వినబడుతోందో కొలవడం, వినబడని వాళ్లకు హియరింగ్ ఎయిడ్ అమర్చి, దాన్ని వాళ్ల చెవికి తగ్గట్టు సరిచేయడం నా పని. హియరింగ్ ఎయిడ్ అంటే ఇక్కడెవరికీ తెలియదు, చెవి మిషన్ అనాలి.

రాజేశం కాకను తీసుకొచ్చింది ఆయన భార్య బాలమణి. ఆయనకు యాభై ఆరేళ్లు. పద్దెనిమిదో ఏట నుంచి సాంచాల మీదే పని. పవర్‌లూమ్‌ను సిరిసిల్లలో సాంచా అంటారు. పరీక్ష చేసి ఆడియోగ్రామ్ తీశాను. ఏ శబ్దం ఎంత గట్టిగా ఉంటే మనిషికి వినబడుతుందో గీతల్లో చూపే కాగితం అది. కాక గీత సగం దాకా బాగానే వచ్చి, సన్నటి శబ్దాల దగ్గర నిట్టనిలువున కిందికి పడిపోయింది. సాంచాల చప్పుడు ఏళ్ల తరబడి విన్న చెవులు ఇలాగే అవుతాయి. బస్సు హారన్, డప్పు దెబ్బ వినబడతాయి. ఎదుటి మనిషి మాట్లాడుతున్నాడనీ తెలుస్తుంది. ఏమన్నాడో మాత్రం తెలియదు.

బాలమణి గొంతు గురించి చెప్పాలి. ఆమె మాట్లాడితే నా టేబుల్ మీద పెన్ను కదులుతుందేమో అనిపించేది. వచ్చిన మొదటి రోజే వాళ్లింట్లో పుంటికూర, అదే గోంగూర, వండారని బయట బెంచీ మీద కూర్చున్న వాళ్లందరికీ తెలిసిపోయింది.

"మా వాడకట్టుల నన్ను లౌడ్‌స్పీకర్ అంటరు మేడం. ఏం జేయాలె? మెల్లగ మాట్లాడితె గీయనకు ఇనబడది" అంది.

రెండు చెవులకూ మిషన్లు ట్రయల్ మీద ఇచ్చాను. ట్రయల్ అంటే నెల రోజులు వాడి చూడటం, నచ్చకపోతే వాపసు. అందరికీ చెప్పే పాఠమే ఆయనకూ అప్పజెప్పాను. "పొద్దున లేవంగనే పెట్టుకోవాలె కాకా. మల్ల పండుకునేటప్పుడే తియ్యాలె."

మూడు వారాలకు ఆయన డబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు.

"నాకద్దు మేడం. తలకాయ పగిలిపోతంది."

"ఎప్పుడెప్పుడు పెట్టుకుంటున్నవ్?"

"నువ్వు చెప్పినట్టే. పొద్దుగాల్నుంచి."

"పొద్దుగాల్నుంచి ఎక్కడుంటవ్ కాకా?"

"యాడుంట? సాంచాల కాడ."

నా చదువు మీద నాకే నవ్వొచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది. చప్పుడును పెంచే మిషన్‌ను చెవిలో పెట్టి, మనిషిని సాంచాల మధ్యకు పంపించాను. ఆయన చెప్పిన మాట వినే మనిషి కాబట్టి మూడు వారాలు ఓర్చుకున్నాడు. ఇంకొకరైతే మొదటి రోజే నా మొహాన కొట్టేవారు.

ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. ముందు గదిలో నాలుగు సాంచాలు, వెనక వంటిల్లు. అర మీద స్టీలు గ్లాసులు సన్నగా వణుకుతున్నాయి. ఇద్దరూ చేతులతోనే మాట్లాడుకుంటున్నారు. నోటి దగ్గర చెయ్యి పెడితే చాయ్. రెండు వేళ్లు గాల్లో తిప్పితే నూలు కండె అయిపోయిందని. సాంచాలు ఆపినా పక్కింటి సాంచాలు ఆగవు. పనిలో ఉన్నప్పుడు మిషన్ తీసేసి, చెవుల్లో ఇయర్‌ప్లగ్‌లు, అంటే చప్పుడు ఆపే బిరడాలు, పెట్టుకొమ్మని చెప్పాను. ఆయన తల ఊపాడు గానీ మిషన్ మీద నమ్మకం పోయిందని మొహమే చెబుతోంది. నిమ్మళమైన చోట ఒక్కసారి పెట్టుకుంటే తెలిసేది. అలాంటి చోటు ఎక్కడ దొరుకుతుంది?

బాలమణే దారి చూపించింది. "మా సంఘపోళ్లు ఊటీకి పోతున్నరు మేడం, కోరుట్ల ట్రావెల్సోళ్ల బస్సు. గీయన రానంటుండు."

విచిత్రం ఏమిటంటే, జగిత్యాలలో మా అమ్మ నన్ను నస పెట్టి నెల ముందే రెండు సీట్లు రాయించింది ఆ బస్సులోనే. "నడువు కాకా" అన్నాను. "అక్కడ పెద్ద తోట ఉంటది. గా తోటల మూడు గంటలు పెట్టుకో. గప్పటికి గూడ వద్దంటే నేనే వాపసు తీస్కుంట." మిషన్ పీడ వదులుతుందనే ఆశతో వచ్చాడనుకుంటాను.

బస్సు కోరుట్లలో కొందరిని, జగిత్యాలలో మమ్మల్ని, సిరిసిల్లలో వాళ్లను ఎక్కించుకుని బయల్దేరింది. మైసూరు చూసుకుని, ఘాట్ ఎక్కి ఊటీ చేరేసరికి మా అమ్మ రెండు స్వెట్టర్ల మీద శాలువా కప్పుకుని కూడా వణుకుతోంది. మర్నాడు పొద్దున్నే బొటానికల్ గార్డెన్‌కు తీసుకెళ్లారు. గేటు దాటగానే పచ్చటి గడ్డి వాలు, పైకి పోయే కొద్దీ ఆకాశాన్నంటే చెట్లు, అద్దాల ఇంట్లో వరసలు వరసలుగా పూలకుండీలు. మా బస్సు జనం ఫొటోల మీద పడ్డారు.

నేను కాక చెవుల్లో మిషన్లు పెట్టి, సౌండ్ కొంచెం సరిచేశాను. బాలమణి ఆయన మొహంలోకి వంగి అరిచింది. "ఇనబడుతందా?"

గడ్డి మీద కూర్చున్న జనం తలలన్నీ మా వైపు తిరిగాయి. కాక రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.

"ఒర్రకే. ఇనబడుతంది."

ఆమె మెల్లగా చెప్పాలని చూసింది. పెదాలు కదిలాయి, గొంతు పెగల్లేదు. పెగిలేసరికి మళ్లీ అరుపే. ముప్పై ఏళ్ల అలవాటు. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "నాకు మెల్లగ రాదు మేడం" అంది. ఆయన చెవిని సరిచేశాను గానీ ఆమె గొంతును నేనేం చేయగలను? ఇక వాపసు తప్పదనుకున్నాను.

కాక మాత్రం పూలమడుల వెంట నడుస్తున్నాడు. ఒక మడి దగ్గర ఆగి, అంచును వేలితో చూపించి, "గీడ పోగు తప్పింది సూడు" అన్నాడు. నిజంగానే ఎర్రపూల వరసలో ఒక మొక్క తక్కువ ఉంది. పిట్ట ఏదో కూసింది. ఆయన తల ఎత్తి చాలాసేపు ఆ చెట్టునే చూశాడు.

పై మెట్టు మీద ఒక బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు. పక్క బెంచీ మీద నేనూ మా అమ్మా. మా అమ్మకు కునుకు పట్టింది. కాక ఎదురుగా లోయలోకి చూస్తున్నాడు. బాలమణి కొంగు కొస చుట్టుకుంటూ, నేల వైపు చూస్తూ, సన్నటి గొంతుతో మాట్లాడటం మొదలుపెట్టింది. అది ఆమె గొంతని ముందు నాకు తట్టలేదు.

"ఆరేండ్ల కింద మా అవ్వ సచ్చిననాడు సుత సాంచాలిడిసి ఉండలే నువ్వు. మట్టిపొయ్యంగనే బస్సెక్కితివి. ఇయ్యాల పూలు సూడవచ్చినవ్."

అది ఆయనతో అన్న మాట కాదు, ఆయన పక్కన కూర్చుని అనుకునే మాట. ఆయనకు వినబడదన్న ధీమాతో ఏళ్ల తరబడి చేస్తున్న అలవాటు. చెవుల్లో మిషన్లున్న సంగతి ఆ నిమిషం మరచిపోయింది.

కాక మెల్లగా తిరిగాడు.

"గందుకు బస్సెక్కలే నేను."

ఆమె కొంగు వదిలేసింది. "ఏందీ?"

"సాంచాల కోసం వాపసు రాలే, ఎల్లారెడ్డిపేటల మీ తల్లిగారింటి నుంచి. మీ అన్నలొచ్చి ఏమో అంటున్నరు, ముసలోళ్లు ఏమో అడుగుతున్నరు. ఒక్క ముక్క ఇనబడలే. ఒకటడిగితె ఒకటి చెప్పిన. ఎవలో నవ్విండ్రు, పీనుగింట్ల. సిగ్గయింది బాలమణీ. సాంచాల కాడైతె ఎవ్వలికి ఇనబడది. గాడ నేను అందరి లెక్కనే ఉంట."

నేను లేచి పోవాలని తెలుసు, పోలేదు.

"గప్పుడే చెప్తె ఏమైతుండె?" అంది ఆమె. ఆ గొంతు ఇంకా సన్నగానే ఉంది.

"నువ్వు అడగలే."

"అడిగిన. ఆరేండ్ల సంది రోజు అడిగిన, నీ పక్కపొంటి కూసోని."

ఆయన భుజం మీది తువ్వాలు తీసి ఆమెకిచ్చాడు. ఆమె మొహం తుడుచుకుంది. ఆయనే అన్నాడు, "నీ గొంతు గింత సన్నగుంటదా? పెండ్లైన కొత్తల ఇన్న. మర్చిపోయిన." నాకు కళ్లు చెమర్చాయి. మా అమ్మ కూడా నిద్రపోవడం లేదని అప్పుడు చూశాను.

తిరుగు ప్రయాణంలో వాళ్ల సీటు నుంచి మాటలు వస్తూనే ఉన్నాయి. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, ఇంజను చప్పుడులో నా చెవులకు అందలేదు. ఆయనకు మాత్రం అందేలా ఆమె దగ్గరగా జరిగి కూర్చుంది.

మిషన్ వాపసు రాలేదు. ఇప్పుడు కాక సాంచాల దగ్గర బిరడాలు పెట్టుకుంటాడు, పని దిగాక మిషన్. మొన్న బ్యాటరీల కోసం బాలమణి ఒక్కతే వచ్చింది. ఏదో అడిగింది, నాకు వినబడలేదు. "ఏమన్నవ్ చిన్నమ్మా?" అని ముందుకు వంగాల్సి వచ్చింది. ఆమె నవ్వింది. వాడకట్టులో అరుపు తగ్గలేదట, ఇంట్లోనే తగ్గిందట.

ఆ ట్రయల్ తర్వాత "పొద్దుగాల్నుంచి పెట్టుకో" అనే పాఠం మానేశాను. పేషెంటు పగలంతా ఎక్కడుంటాడో ముందు అడుగుతాను. ఇంకొక ప్రశ్న కూడా చేర్చుకున్నాను. అది పేషెంటుకు కాదు, తోడుగా వచ్చిన మనిషికి. "నువ్వు ఒర్రి చెప్పలేని ముచ్చట ఏమన్న ఉన్నదా?" మనం చెవి పోయిన వాళ్లకు అన్నం, మందులు, బస్సు టైము అరిచి చెబుతాం. బాధ అరిచి చెప్పలేం, అది చెప్పకుండానే ఉండిపోతుంది. చాలామంది నవ్వి, ఏముంటదని కొట్టిపారేస్తారు. కొందరు మాత్రం పక్కనున్న పేషెంటు వైపు చూస్తారు. అప్పుడు ఆ చెవులకు సన్నటి మాట అందేదాకా నేను మిషన్ సరిచేయడం ఆపను.