యాప్ లేకుండా పది నిమిషాల పని

మా అమ్మకూ చిన్నమ్మకూ పుట్టుకతోనే చెవులు వినిపించవు, మాట రాదు. బడి ముఖం చూసినవాళ్లు కాదు కాబట్టి అక్షరాలూ రావు. చిన్నప్పుడు ఇద్దరూ కలిసి చేతులతో కల్పించుకున్న భాష ఒకటి ఉంది. అది పూర్తిగా తెలిసినవాళ్లు వాళ్లిద్దరే. అరవై ఏళ్లుగా కొడుకునై ఉండి కూడా నాకు అందులో సగం రాదు. చిన్నమ్మ అనడానికి చెవి తమ్మె పట్టుకుని లాగాలి. అక్క అనడానికి నుదుటి మీద బొటనవేలు నొక్కాలి, అమ్మ పెద్ద బొట్టు పెట్టుకుంటుంది కాబట్టి. నన్ను మాత్రం ముక్కు మీద కళ్లద్దాలు ఎగదోసుకుంటున్నట్టు చూపిస్తారు. చూపించి ఇద్దరూ నవ్వుకుంటారు.

చిన్నమ్మ ఉండేది నిజామాబాద్‌లో. వీడియో కాల్ వచ్చాక వాళ్లకు పండగే అయింది. హైదరాబాద్ శాలిబండలో మాది పాత ఇల్లు, గోడలు మూరెడు మందం, లోపల మాటలకు తప్ప బొమ్మకు సిగ్నల్ చాలదు. అందుకని రోజూ సాయంత్రం అయిదింటికి అమ్మ మెట్లన్నీ ఎక్కి మిద్దె మీదికి వచ్చేది. నేను ఫోన్ పట్టుకుని నిలబడేవాణ్ణి. అప్పుడప్పుడు బొమ్మ ఆగిపోయి, చిన్నమ్మ చెయ్యి మాట మధ్యలోనే నిలిచిపోయేది. అమ్మ నా వైపు తిరిగి పిడికిలి బిగించి చూపేది. ఇరుక్కుంది, సరిచెయ్యి అని దాని అర్థం. నేను పిట్టగోడ వైపు రెండడుగులు వేస్తే చిన్నమ్మ చెయ్యి మళ్లీ ఆడేది.

ఈ వానాకాలం అమ్మ బాత్రూంలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి ఇంటికి పంపారు కానీ రెండు నెలలు మంచం దిగవద్దన్నారు. మిద్దె మీది ముచ్చట్లు ఆగిపోయాయి. గదిలో కాల్ చేస్తే బొమ్మ నిమిషం ఆడి ఆగిపోయేది, అమ్మ పిడికిలి బిగించేది, నేను కిటికీలోంచి సగం బయటికి వేలాడేవాణ్ణి. చివరికి ఇంట్లోకి ఇంటర్నెట్ పెట్టించడానికి దరఖాస్తు చేశాను.

సోమవారం కంపెనీ మనిషి వచ్చి కరెంటు స్తంభం మీదుగా వైరు లాగి, అమ్మ మంచం పక్క గోడకు డబ్బా బిగించాడు. అందులో ఒక ఆకుపచ్చ దీపం, ఒక ఎర్ర దీపం వెలిగాయి. "యాప్ వేసుకోండ్రి సార్. దాంట్లకెళ్లి యాక్టివేట్ చేసుకుంటే ఎర్ర లైటు పోతది," అని చెప్పి బండెక్కి వెళ్లిపోయాడు.

యాప్ వేసుకున్నాను. పేరు అడిగింది, ఇచ్చాను. ఇంటి నంబర్ అడిగింది. మా ఇంటి నంబర్‌లో మూడు అడ్డగీతలు, రెండు వాలుగీతలు, చివర ఒక అక్షరం ఉంటాయి. పాతబస్తీలో ఏ ఇంటిదైనా అంతే. వాలుగీతలు చెల్లవంది యాప్. అవి తీసేస్తే, ఈ చిరునామా మా రికార్డులో లేదంది. ఫోన్ చేస్తే ఒకమ్మాయి మర్యాదగా, చిరునామాను యాప్‌లోనే సరిచేసుకోవాలని చెప్పి ఫిర్యాదు నంబర్ ఇచ్చింది. నేను సర్కారు ఆఫీసులో ముప్పై ఏళ్లు దరఖాస్తులు చూసినవాణ్ణి. ఒక్క గడి ఖాళీ ఉన్నా వెనక్కి పంపి, మనుషుల్ని చెప్పులరిగేలా తిప్పించిన చేతులు నావి. నంబర్ చేతికి రాగానే పని అయిపోయినట్టే ధీమాగా కూర్చున్నాను.

ఆ సాయంత్రమే తమ్ముడు, చిన్నమ్మ కొడుకు, ఫోన్ చేశాడు. "అన్నా, అమ్మకు పక్షవాతం అచ్చింది. దవాఖాన్ల ఉన్నం. కుడి చెయ్యి పడిపోయింది, ఎడమది ఆడుతున్నది. పొద్దటిసంది బొటనవేలుతోని నుదురు నొక్కుకుంటనే ఉన్నది. పెద్దమ్మను జెర చూపియ్యన్నా."

నేను అమ్మకు చెవి తమ్మె లాగి చూపించి, నా కుడి చెయ్యి పట్టు తప్పినట్టు కిందికి వదిలేశాను. అమ్మకు అర్థమైంది. ఫోన్ లాక్కుంది. చిన్నమ్మ ముఖం గళ్లు గళ్లుగా వచ్చింది, ఎడమ చెయ్యి సగం లేచింది, అంతే, బొమ్మ ఆగిపోయింది. అమ్మ పిడికిలి బిగించి నన్ను చూసింది. నేను గోడకున్న ఎర్ర దీపాన్ని చూపించాను. దానికి నేనేం చేస్తాను అన్నట్టు చేతులు కూడా తిప్పాను.

మా గల్లీ చివర రేడియోలు, మిక్సీలు బాగుచేసే ఒకాయన ఉన్నాడు. నా ఈడువాడే, చిన్నప్పుడు కలిసి పతంగులు ఎగరేసినవాళ్లం. మంగళవారం అమ్మను చూడ్డానికి వచ్చి డబ్బా తిప్పి చూశాడు. "యాప్ ఎందుకు భాయ్? ఈ డబ్బా కింద నంబర్ రాసుంది చూడు. గది బ్రౌజర్ల కొడితే సీదా లోపలికి పోతం. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ నీ ఫోన్ల మెసేజ్ వచ్చుంటది. గవి రెండు ఎక్కిస్తే బస్, నడుస్తది. దస్ మినట్ కా కామ్."

"వద్దు భాయ్," అన్నాను. "రేపు ఏమన్న ఖరాబైతే మీరే ముట్టిన్రని రాస్తరు. కంప్లయింట్ ఇచ్చిన, రూల్ ప్రకారం వాళ్లే చేస్తరు."

"తేరీ మర్జీ, నీ ఇష్టం," అని ఆయన లేచి వెళ్లిపోయాడు.

బుధవారం తమ్ముడు రెండుసార్లు ఫోన్ చేశాడు. అయిదింటికి అమ్మ తల దువ్వించుకుని, బొట్టు పెట్టించుకుని, దిండుకు ఆనుకుని కూర్చుంది. నేను కంపెనీకి ఫోన్ చేస్తూనే ఉన్నాను, వాళ్లు పాట వినిపిస్తూనే ఉన్నారు. అమ్మ ఎర్ర దీపాన్ని చూస్తూ చీకటి పడేదాకా కూర్చుంది.

గురువారం మధ్యాహ్నం మెసేజ్ వచ్చింది. మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు, అని. తలెత్తి చూస్తే ఎర్ర దీపం అలాగే వెలుగుతోంది. నాకు ఒళ్లు మండిపోయింది. చెప్పులైనా వేసుకోకుండా గల్లీ చివరికి పరుగెత్తాను. ఆయన చేతిలో పని పక్కన పెట్టి, ఒక్క మాట దెప్పకుండా నా వెంట వచ్చాడు. ల్యాప్‌టాప్‌కు వైరు గుచ్చి, డబ్బా కింది నంబర్ కొట్టి, నా ఫోన్‌లోంచి ఆ రెండు ముక్కలూ చూసి ఎక్కించాడు. ఎర్ర దీపం ఆరిపోయి ఆకుపచ్చది ఒక్కటే మిగిలింది. ఆయన చెప్పిన పది నిమిషాలు కూడా పట్టలేదు. చెయ్యి కడుక్కుని, అమ్మకు సలాం చేసి వెళ్లిపోయాడు. ఆయన ముఖంలోకి చూడడానికి నాకు సిగ్గేసింది.

వెంటనే కాల్ చేశాను. బొమ్మ అద్దంలా వచ్చింది. "అన్నా, పొద్దుగాల ఇంకోసారి స్ట్రోక్ అచ్చింది," అన్నాడు తమ్ముడు మెల్లగా. "ఇప్పుడు ఎడమ చెయ్యి గూడ లేస్తలేదు." ఆ మాట నాకు వినిపించింది. అమ్మకు వినిపించదు కదా. తమ్ముడు ఫోన్‌ను చిన్నమ్మ వైపు తిప్పాడు.

చిన్నమ్మ కళ్లు తెరిచే ఉన్నాయి. రెండు చేతులూ దుప్పటి మీద ఉన్నాయి. అమ్మ గబగబా చేతులాడించింది. చెవి తమ్మె లాగింది, కాలు చూపింది, మిద్దె వైపు చూపింది, నన్ను చూపించి కళ్లద్దాలు ఎగదోసి నవ్వింది. తర్వాత చేతులు ఒళ్లో పెట్టుకుని చిన్నమ్మ చేతుల వైపే చూస్తూ జవాబు కోసం ఆగింది. చాలాసేపు ఆగింది.

తర్వాత నా వైపు తిరిగి పిడికిలి బిగించి చూపించింది.

చిన్నమ్మ మంచం వెనక ఆస్పత్రి తెర ఫ్యాను గాలికి కదులుతూనే ఉంది. బొమ్మ ఎక్కడా ఆగలేదు. చెయ్యి పడిపోయిందని చూపించడం నాకు వచ్చు, సోమవారం చూపించాను కూడా. ఈసారి నాకు చెయ్యి లేవలేదు. అమ్మ పిడికిలి విప్పకుండా నా వైపే చూస్తోంది. నేను లేచి వెళ్లి, ఏ లోపమూ లేని ఆ డబ్బా స్విచ్ ఆపి, మళ్లీ వేశాను.